అరచేతిలో ఇమిడే కుందేలు

పక్షులూ రంగుచేపలూ అమ్మే దుకాణాల ముందు తరచుగా ఒక అట్టపెట్టె కనిపిస్తుంది. అడుగున రంపపు పొట్టు, ఒక మూల వాడిపోయిన క్యారెట్ ముక్క, ఇంకో మూల ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడుచుకున్న ఆరేడు తెల్లని ఉండలు. ఎవరైనా పిల్లలు వేలితో తాకగానే అవి మరింత దగ్గరగా ఒదుగుతాయి. "డ్వార్ఫ్ జాతి సార్, ఇంతకన్నా పెరగదు" అంటాడు అమ్మేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్న సామెతను ఇక్కడ నిలబెట్టి చూపించవచ్చు. నేను చూసినంతలో ఆ పెట్టెల్లో ఉండేవి ఎక్కువగా మాంసం కోసం పెంచే న్యూజిలాండ్ వైట్ పిల్లలు, లేదా వాటి సంకరాలు. నాలుగైదు వారాల వయసులో అరచేతిలో ఇమిడే ఆ పిల్ల ఏడాది తిరిగేసరికి నాలుగు కిలోల జంతువవుతుంది. అప్పటికి కొన్న పంజరం చాలదు, ఎత్తుకుందామన్న పిల్లవాడి చేతులు గీరుకుపోతాయి, చివరికి ఆ కుందేలు మేడమీద ఒక మూలకు చేరుతుంది.

చిన్నపిల్ల వేరు, చిన్న జాతి వేరు. ఆరేడు కిలోలు తూగే ఫ్లెమిష్ జెయింట్ మొదలుకొని కిలో చుట్టూ ఆగిపోయే నెదర్లాండ్ డ్వార్ఫ్ వరకు, ప్రపంచంలో ఇళ్లలో పెరిగే కుందేళ్లన్నీ ఒకే జీవజాతి. స్పెయిన్, పోర్చుగల్, దక్షిణ ఫ్రాన్స్ ప్రాంతాల్లో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే ఐరోపా కుందేలు వాటి మూలపురుషుడు. మన పొలాల్లో తిరిగే చెవులపిల్లి వేరే జీవి. ఐరోపా కుందేలుకు 44 క్రోమోజోములుంటే దానికి 48 ఉంటాయి. కుందేలు పిల్లలు వెంట్రుకల్లేకుండా, కళ్లు తెరవకుండా పుడితే, చెవులపిల్లి పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకునే పుడతాయి. పొలంలో దొరికిన పిల్లను తెచ్చి మచ్చిక చేద్దామనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు గనుక చెప్పవలసి వస్తోంది: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ఇక నిజమైన మరుగుజ్జు కుందేలు ఎలా తయారైందో చూద్దాం. నెదర్లాండ్ డ్వార్ఫ్ ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో, చిన్న తెల్లని కుందేళ్లను ఇతర రకాలతోనూ అడవి కుందేళ్లతోనూ కలపగా డచ్చి పెంపకందారుల చేతుల్లో రూపుదిద్దుకుంది. అమెరికా ప్రమాణాల ప్రకారం దాని బరువు 1.13 కిలోలకు మించకూడదు. దాని చిన్న దేహానికి ముఖ్య కారణమేమిటో 2017లో పోర్చుగల్‌కు చెందిన మిగెల్ కార్నెరో బృందం కచ్చితంగా చూపించింది. హెచ్‌ఎంజీఏ2 అనే జన్యువు దగ్గర దాదాపు 12,100 అక్షరాల డీఎన్‌ఏ ముక్క ఊడిపోవడంతో ఆ జన్యువు పనిచేయడం మానేసింది. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే ఈ లోపం వచ్చిన పిల్ల, మామూలు పిల్ల బరువులో మూడింట రెండు వంతులతో పుట్టి, గుండ్రటి తలతో, పొట్టి చెవులతో ముచ్చటగా పెరుగుతుంది. ఇద్దరి నుంచీ వస్తే మూడో వంతు బరువుతోనే పుట్టి కొద్ది రోజుల్లో చనిపోతుంది. వేరుశనగ గింజంత ఉంటాయని పెంపకందారులు అలాంటి పిల్లలను "పీనట్" అంటారు. రెండు అసలైన డ్వార్ఫ్‌లను జతకట్టిస్తే, సగటున నాలుగింట ఒకటి పీనట్, రెండు డ్వార్ఫ్‌లు, మిగిలిన ఒకటి ఆ లోపమే లేని పెద్ద పిల్ల. డ్వార్ఫ్‌ల కడుపున పుట్టినదల్లా డ్వార్ఫ్ కాదన్న మాట. అమ్మేవాడు నిజాయితీపరుడైనా సరే, నెల పిల్లను చూసి అది ఎంతవుతుందో ఘంటాపథంగా చెప్పలేడు.

ముచ్చటైన ఆ గుండ్రటి తలకు మూల్యం ఉంది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్లు వారానికి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంటే, పైపళ్లూ కిందిపళ్లూ ఒకదానినొకటి రాసుకుని అరగదీసుకుంటాయి. ముఖం పొట్టిదైనప్పుడు పైదవడ వెనక్కి తగ్గి, కిందిపళ్లు ముందుకు పొడుచుకొస్తాయి. ఇక అరుగుదల ఆగి, పెరుగుదల మాత్రం సాగుతుంది. కుందేలు మేత ముందుకు వస్తుంది, వాసన చూస్తుంది, నోట పట్టుకోలేక వదిలేస్తుంది. యజమాని దానికి ఆకలి లేదనుకుంటాడు. వెనుక దవడపళ్ల సంగతి మరీ రహస్యం, వైద్యుడు పరికరం పెట్టి చూస్తే తప్ప బయటపడదు. అందుకే ముఖం మరీ చదునుగా, బొమ్మలా ఉన్న పిల్లను చూసి మురిసిపోవడంకంటే, ముక్కు కాస్త పొడవుగా ఉన్న పిల్లను ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

నెదర్లాండ్ డ్వార్ఫ్ తరువాత ఎక్కువమంది అడిగేది హాలండ్ లాప్. చెవులు కిందికి వాలిన భారీ ఫ్రెంచ్ లాప్‌ను చిన్నది చేయాలని ఆడ్రియాన్ డి కాక్ అనే డచ్చి పెంపకందారు 1949లో దాన్ని నెదర్లాండ్ డ్వార్ఫ్‌తో కలపడం మొదలుపెట్టాడు. పుట్టిన పిల్లల చెవులు నిక్కబొడుచుకునేసరికి, పొడవైన చెవుల ఇంగ్లిష్ లాప్‌ను కూడా మధ్యలోకి తెచ్చాడు. 1964లో గాని ఆ జాతికి నెదర్లాండ్స్‌లో గుర్తింపు రాలేదు. బరువు 1.8 కిలోల లోపు. డ్వార్ఫ్ చప్పుడైతే ఉలిక్కిపడి మూలకు పరుగెడుతుంది, హాలండ్ లాప్ సాధారణంగా అంత బెదరదు, కాస్త నింపాదైన జంతువు. అయితే చెవి వాలాలంటే దాని మొదలు దగ్గర మృదులాస్థి మడత పడాలి, ఆ మడత దగ్గర చెవి కాలువ ఇరుకవుతుంది. గులిమి బయటికి రాక లోపల పేరుకుని చీము పడుతుంది. నిక్కచెవుల కుందేళ్లకంటే వాలుచెవుల వాటికి చెవి బాధలు ఎక్కువని బ్రిటన్ పరిశోధకులు చూపారు. వాటిని పెంచేవారు చెవి ఎత్తి లోపల చూడడం వారానికొకసారైనా అలవాటు చేసుకోవాలి.

మిగిలినవాటిలో టెక్సస్‌లో పుట్టిన మినీ రెక్స్ రెండు కిలోల లోపే ఉంటుంది, దాని బొచ్చు మఖ్మల్‌లా ఉంటుంది; కాని పాదాల కింద బొచ్చు పలచన కావడంవల్ల తీగల అడుగున్న పంజరంలో పుండ్లు పడతాయి. మెడచుట్టూ జూలుండే లయన్‌హెడ్‌ను రోజూ దువ్వాలి. నలుపు తెలుపుల డచ్ జాతి రెండు కిలోల అటూ ఇటూ తూగుతుంది, మరుగుజ్జు జన్యువుతో పనిలేకుండా సహజంగానే చిన్నది, ముఖం సరైన పొడవులో ఉంటుంది. నన్నడిగితే మొదటిసారి పెంచేవారికి ఇదే నయం.

తెలుగు నేల మీద ఈ ఎంపికలో ఎండను లెక్కలోకి తీసుకోక తప్పదు. కుందేలుకు మనలా చెమట పట్టదు, కుక్కలా రొప్పి చల్లబడడమూ దానికి పెద్దగా చేతకాదు. ఒంట్లోని వేడిని అది ముఖ్యంగా చెవుల ద్వారా వదులుతుంది. వేడెక్కినప్పుడు చెవుల్లోని రక్తనాళాలు విప్పారి, పలచని చర్మం మీదుగా వేడి గాలిలో కలుస్తుంది. నెదర్లాండ్ డ్వార్ఫ్ చెవి పొడవు రెండంగుళాలు! చల్లటి ఐరోపాలో అందం కోసం కుదించిన చెవి అది. 28, 30 డిగ్రీలు దాటగానే కుందేలు అవస్థ పడుతుంది, మరి రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 40 దాటినప్పుడు మేడమీది రేకుల గదిలో ఉన్న కుందేలు ఒక మధ్యాహ్నంలో ప్రాణం విడవగలదు. దాన్ని ఇంట్లోనే, బండలు పరిచిన నేల మీద, నీడలో ఉంచాలి. గుడ్డ చుట్టిన ఐసు సీసా పక్కన పెడితే వచ్చి ఆనుకుని పడుకుంటుంది, తడిగుడ్డతో చెవులు అద్దడం ఇంకా మంచిది. జూలు, ఒత్తైన బొచ్చు ఉన్న జాతులను చల్లటి గది లేనివారు వదిలేయాలి.

ఇక స్నేహం. మచ్చికైన జాతికీ అడవి జాతికీ మెదడులోనే తేడా ఉంది. రెండింటినీ ఒకే పద్ధతిలో పెంచి మెదళ్లను స్కాన్ చేసి 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పెంపుడు కుందేళ్లలో భయాన్ని పుట్టించే అమిగ్డలా భాగం చిన్నదిగానూ, ఆ భయాన్ని అదుపులో పెట్టే ముందు మెదడు భాగం పెద్దదిగానూ ఉన్నాయి. అంతమాత్రాన పిల్ల పుడుతూనే మనిషిని నమ్మదు. తల్లి కుందేలు రోజుకు ఒకేసారి, నాలుగైదు నిమిషాలు మాత్రమే పాలిచ్చి వెళ్లిపోతుంది. ఆ కాసేపు పిల్లల జ్ఞానేంద్రియాలన్నీ మేల్కొని ఉంటాయి. పుట్టిన మొదటి వారంలో, పాలు తాగిన అరగంటలోపు మనిషి చేతి స్పర్శ తగిలిన పిల్లలు, తల్లిని విడిచే వయసులో మనిషికి భయపడకుండా దగ్గరికి వస్తాయని హంగేరీ పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపారు. అదే స్పర్శ మరో వేళలో గాని, మరో వారంలో గాని దొరికితే అంత ఫలితం లేదు. జాతి పేరు చూసి స్వభావాన్ని ఊహించేకంటే, ఈ పిల్లలను మొదటి వారంలో ఎవరైనా చేతిలోకి తీసుకున్నారా అని అడగడం మంచిది. అట్టపెట్టె పక్కనున్న మనిషి దగ్గర ఆ ప్రశ్నకు జవాబుండదు. తల్లి కుందేలును కూడా చూపించగలిగే పెంపకందారు దగ్గర ఉంటుంది. తల్లి బరువు చూస్తే పిల్ల ఎంతవుతుందో కూడా కొంత తెలుస్తుంది.

స్నేహమంటే ఒళ్లో కూర్చోవడమని అనుకుంటే నిరాశే. కుందేలు వేటకు బలయ్యే జంతువు. పైనుంచి వచ్చి ఎత్తుకునే చెయ్యి దానికి గద్దలాంటిది. దాని ఎముకలు తేలికైనవి, వెనుక కాళ్ల కండరాలు బలమైనవి, గాలిలో గింజుకుంటే నడుము తానే విరుచుకోగలదు. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉండిపోవడాన్ని కొందరు హాయిగా నిద్రపోయిందని ఫొటోలు తీసుకుంటారు. అది భయంతో బిగుసుకుపోయిన స్థితి. అందుకే అయిదారేళ్ల పిల్లల చేతికి కిలో బరువున్న డ్వార్ఫ్‌ను ఇవ్వడం ఇద్దరికీ ప్రమాదమే.

కొనేముందు ఎనిమిది వారాలు నిండాయా, కిందిపళ్లు పైపళ్ల వెనుకే ఉన్నాయా, తోక కింద శుభ్రంగా ఉందా అని చూసుకోవాలి. ఇంటికి తెచ్చాక మేతలో ముఖ్యభాగం ఎండుగడ్డే కావాలి. నీడపట్టున ఆరబెట్టిన గరిక చక్కగా పనికొస్తుంది, క్యారెట్ అప్పుడప్పుడూ పెట్టే మిఠాయి. కుందేళ్లకు చికిత్స చేసిన అనుభవమున్న పశువైద్యులు దగ్గరలో ఉన్నారో లేదో కొనకముందే తెలుసుకోవాలి. కుక్కలకు నిశ్చింతగా ఇచ్చే అమోక్సిసిలిన్ మాత్ర కుందేలు కడుపులోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి దాని ప్రాణం తీస్తుంది. కుందేలు పన్నెండు గంటలు మేత ముట్టకపోతే మరునాటి దాకా ఆగకుండా వైద్యుడికి చూపించాలి. ఇది ఎనిమిది నుంచి పన్నెండేళ్ల సహవాసం గనుక, ఇప్పుడు అడుగుతున్న పిల్లవాడు కాలేజీకి వెళ్లిపోయాక దానికి గడ్డి వేసేదెవరో కూడా ముందే అనుకుని ఉంచడం మంచిది.

తెచ్చిన మొదటి రోజుల్లో దాన్ని ఎత్తుకోవద్దు. తలుపు మూసి, నేల మీద కూర్చుని, మీ పని మీరు చేసుకోండి. ముక్కుకు సూటిగా ఎదురుగా ఉన్నది కుందేలు కంటికి కనిపించదు గనుక చెయ్యి చాచేటప్పుడు పక్కనుంచి చాచాలి. మూడో రోజో, పదో రోజో, అది మెల్లగా వచ్చి మీ చెప్పును వాసన చూసి, తన గడ్డాన్ని దాని అంచుకు ఒకసారి రుద్ది వెళ్తుంది. గడ్డం కింద గ్రంథులుంటాయి. మన ముక్కుకు అందని ఆ వాసన పూసి, ఆ చెప్పు ఇక తనదని రాసుకుంటుంది.