డైనోసార్ల మీద తెలుగులో పుస్తకం వేశాక నేను పదే పదే వింటున్న అపోహలు

పుస్తకం వచ్చినప్పటి నుంచి బుక్ ఎగ్జిబిషన్లో స్టాల్ దగ్గర ఆగేవాళ్ళు, ఫోన్ చేసేవాళ్ళు దాదాపు ఇవే అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: మన దగ్గర డైనోసార్లు ఎక్కడివండీ, అవన్నీ అమెరికా, చైనాలోవే కదా.

వాస్తవం: ఇది విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. జబల్‌పూర్ దగ్గర 1828లోనే స్లీమన్ అనే ఆయనకి ఎముకలు దొరికాయి, రిచర్డ్ ఓవెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఇలాంటి జంతువులకి డైనోసార్లని పేరు పెట్టింది 1842లో, అంటే పేరు పుట్టకముందే ఎముకలు మన దేశంలో బయటపడ్డాయన్నమాట. ఇక మన గోదావరి, ప్రాణహిత ఒడ్డున కోట ఫార్మేషన్ అని జురాసిక్ కాలం నాటి రాతి పొరలున్నాయి, పాత ఆదిలాబాద్ జిల్లా వైపు. అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తవ్వి తీసిన డైనోసారే బరపాసారస్ టాగోరై. ఎక్కువ ఎముకలు తీసింది 1961లో, అది టాగూర్ శతజయంతి సంవత్సరం, అందుకే ఆయన పేరు పెట్టారు. దాని అస్థిపంజరం కోల్‌కతాలో ఉంది. అదే వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఇంకో డైనోసార్ కోటసారస్‌కి మన శాస్త్రవేత్త యాదగిరి గారు 1988లో పేరు పెట్టారు, అది హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలోనే ఉంది, టికెట్ కొనుక్కుని వెళ్ళి చూడొచ్చు. నేను పుస్తకాన్ని టి.రెక్స్‌తో కాకుండా కోటసారస్‌తో మొదలుపెట్టింది ఇందుకే, మొదటి చాప్టర్లోనే తెలిసిన ఊళ్ళ పేర్లు కనిపిస్తే చదివేవాళ్ళకి ఇది మనది అనిపిస్తుంది.

అపోహ: మ్యూజియంలో నిలబెట్టింది ఒక్క జంతువు ఎముకలే.

వాస్తవం: కాదు. కోటసారస్ ఎముకలు కనీసం 12 జంతువులవి కలిసిపోయి దొరికాయి, తల విషయానికొస్తే రెండు పళ్ళు తప్ప ఏమీ లేదు. బరపాసారస్‌దీ ఇదే కథ, పుర్రె లేదు. మరి తల ఎలా ఉండేదో ఎలా చెప్తున్నారు అంటే దగ్గరి బంధువుల పుర్రెలు చూసి అంచనా కడతారు. నాకు పుస్తకంలో అన్నిటికన్నా ఇష్టమైన చాప్టర్ ఇదే, ఎంత పొడుగు ఎంత బరువు అనేది పిల్లలు ఎక్కడైనా చదువుతారు, ఎలా తెలిసింది అనేది చెప్పకపోతే సైన్స్ పుస్తకం ఎందుకు రాయడం?

అపోహ: డైనోసార్ల బొమ్మల్లో రంగులన్నీ ఆర్టిస్టు ఊహే.

వాస్తవం: చాలావరకు ఊహే, ఒప్పుకోవాలి. కానీ చైనాలో దొరికిన సైనోసారోప్టెరిక్స్ అనే డైనోసార్ ఈకల్లాంటి నూగులో రంగు కణాల ఆనవాళ్ళు దొరికాయి, తోక మీద ఎర్రగోధుమ, తెలుపు చారలు ఉండేవని 2010లో తేల్చారు. అందుకే ప్రతి బొమ్మ కింద ఏది ఆధారం ఉన్నది ఏది ఊహించింది అని రాయించా, ఆర్టిస్టుకి ఇది చాలా పని పెట్టింది, అయినా పట్టుబట్టా.

అపోహ: ఇది పిల్లల పుస్తకం.

వాస్తవం: కొనేది పిల్లల పేరు మీదే, చదివి ఫోన్ చేసేది మాత్రం పెద్దవాళ్ళు.

అపోహ: కొత్తవి దొరుకుతూనే ఉంటాయి, పుస్తకం నాలుగేళ్ళకి పాతబడిపోతుంది.

వాస్తవం: కొన్ని పేజీలు పాతబడతాయి. స్పైనోసారస్ అనే డైనోసార్ తోక వెడల్పాటి తెడ్డులా ఉండేదని 2020లో తెలిసేసరికి అంతకుముందు వేసిన బొమ్మలన్నీ మారిపోయాయి. అయితే రాయి వయసు ఎలా కడతారు, పక్షులు డైనోసార్లే అని ఎందుకంటారు లాంటివి అంత తొందరగా మారవు. మారేవన్నీ ఒక ఫారంలో, అంటే ప్రెస్‌లో కలిపి అచ్చయ్యే 16 పేజీల కట్టలో, పెట్టుకుంటే రీప్రింట్‌లో ఆ 16 పేజీలు మారిస్తే సరిపోతుంది, రాయాలనుకునేవాళ్ళు డమ్మీ, అంటే ఏ పేజీలో ఏముంటుందో చూపే నమూనా, వేసేటప్పుడే ఇది చూసుకోండి.

అపోహ: ఫోటోలు గూగుల్లో తీసేసుకోవచ్చు.

వాస్తవం: అస్సలు వద్దు. ఫోటో తీసినవాళ్ళకీ బొమ్మ గీసినవాళ్ళకీ హక్కులుంటాయి, పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోవాలి, దీనికి టైం పడుతుంది కాబట్టి చాప్టర్లు రాస్తుండగానే మెయిల్స్ పెట్టడం మొదలుపెట్టండి. ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబర్‌కి మాత్రం మన దేశంలో డబ్బులు కట్టక్కర్లేదు, ఆన్‌లైన్లో అప్లై చేస్తే చాలు, ఎవరైనా అదో పెద్ద ఖర్చని చెప్తే నమ్మకండి.