కెమికల్ ఎచింగ్ (పలచటి లోహపు షీటును రసాయన ద్రావణంతో తినిపించి పార్టులు చేయడం): డ్రాయింగ్ పంపేముందు వదులుకోవాల్సిన అపోహలు

అపోహ: షీటును యాసిడ్ తొట్టిలో ముంచితే పార్ట్ తయారు.

పనిలో సగం యాసిడ్ తగలకముందే అయిపోతుంది. షీటుకు జిడ్డు వదిలించి, రెండు వైపులా డ్రై ఫిల్మ్ రెసిస్ట్ (ద్రావణం తగలకుండా లోహాన్ని కాపాడే పొర) అంటిస్తాం. పైనా కిందా గీతకు గీత కలిసేలా పెట్టిన రెండు ఫోటోటూల్స్ (పార్ట్ ఆకారం ముద్రించిన ఫిల్ములు) మధ్య ఉంచి అతినీలలోహిత కాంతి పట్టిస్తాం. కాంతి తగిలిన చోట రెసిస్ట్ గట్టిపడుతుంది, తగలనిది సుమారు 1 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణంలో కరిగిపోతుంది. ఆ తర్వాతే 45–50 డిగ్రీల సెల్సియస్ దగ్గర, లోహాన్ని తినే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాన్ని నాజిళ్లతో రెండు వైపులా చిమ్ముతాం. వేలిముద్ర జిడ్డు మిగిలితే అక్కడ రెసిస్ట్ లేచి అంచు చెదురుతుంది. ఫోటోటూల్స్ ఏమాత్రం జరిగినా రంధ్రం గోడలో మెట్టు పడుతుంది.

అపోహ: గీయగలిగినంత చిన్న రంధ్రం వచ్చేస్తుంది.

ఎక్కువ డ్రాయింగులు వెనక్కి వెళ్లేది ఇక్కడే. ద్రావణం లోతుకే కాదు, రెసిస్ట్ కింద పక్కకూ తింటుంది. ఎచ్ ఫ్యాక్టర్ (పక్కకు తిన్నదానికి లోతు ఎన్ని రెట్లన్న లెక్క) 2 అనుకుంటే రెండు వంతులు దిగేసరికి పక్కకు ఒక వంతు పోతుంది. 0.5 మి.మీ. స్టెయిన్‌లెస్ షీటులో ఒక్కో వైపు నుంచి 0.25 లోతు, పక్కకు దాదాపు 0.12. అందుకే 1 మి.మీ. రంధ్రం కావాలంటే ఫోటోటూల్‌లో 0.75 దగ్గర గీస్తాం. ఈ సవరణ షాపు పని. డ్రాయింగులో తుది కొలతే ఇవ్వండి; మీరూ తగ్గించి పంపితే రెండుసార్లు తగ్గి లాటంతా స్క్రాప్.

లెక్కలన్నీ మందం నుంచే మొదలవుతాయి. రంధ్రం మందానికి కనీసం 1.1–1.2 రెట్లు, లోపలి మూల వ్యాసార్ధం సుమారు మందమంత, టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) మందంలో ±10 శాతం. షీటు ఎంత పలచనైనా ±0.025 మి.మీ. కంటే బిగించి అడగడం దండగ ఖర్చు. రెండు వైపుల కోత కలిసేచోట గోడ మధ్యలో సన్నటి మొన మిగులుతుంది. ఇంకాసేపు చిమ్మితే అరుగుతుంది కానీ పూర్తిగా పోదు. ఆ గోడకు ఏదైనా బిగుతుగా కూర్చోవాలంటే ముందే చెప్పండి.

అపోహ: స్ప్రింగ్ స్టీల్ గట్టిది, ఎచ్ కాదు.

గట్టిదనం అడ్డే కాదు. ఎస్‌ఎస్ 301 (స్ప్రింగులకు వాడే ఒక స్టెయిన్‌లెస్ స్టీల్) మెత్తదైనా ఫుల్ హార్డ్ అయినా వేగం దాదాపు ఒకటే. చూడాల్సింది లోహం ఏదన్నదే. టైటానియం ఫెర్రిక్ క్లోరైడ్‌కు లొంగదు, దానికి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కావాలి. అది అన్ని షాపులూ ముట్టుకునే సరుకు కాదు, ముట్టుకోకూడదు కూడా.

అపోహ: వేడి లేదు, దెబ్బ లేదు, కాబట్టి పార్ట్ వంగదు.

ఎచింగ్ కొత్త ఒత్తిడి పెట్టదు, బర్ (అంచున లేచే గరుకు ముక్కు) రాదు; నిజమే. కానీ రోలింగ్ నాటి ఒత్తిడి షీటులోనే ఉంటుంది. ఒకవైపే సగం లోతు తింటే ఆ తూకం తప్పి పార్ట్ విల్లులా లేస్తుంది. స్ట్రెస్ రిలీవ్ చేసిన (లోపలి ఒత్తిడి తగ్గించిన) షీటు తీసుకోండి, లేదా డిజైన్ ఒప్పుకుంటే వెనకవైపూ అంతే కోత పెట్టండి.

అపోహ: రంధ్రాలు పెరిగితే ధర పెరుగుతుంది.

పదైనా పదివేలైనా అన్నీ ఒకేసారి పడతాయి. ధర పెంచేది మందం, మిషన్‌లో పట్టే సమయం. లక్షల్లో కావాల్సిన మామూలు వాషర్‌కు మాత్రం ప్రెస్ టూలే (అచ్చుతో గుద్ది కోసేది) చవక.

అపోహ: వాడిన ద్రావణం పారబోయడమే.

ఇనుమును తిన్న ఫెర్రిక్ క్లోరైడ్ ఫెర్రస్‌గా మారి నీరసిస్తుంది. సోడియం క్లోరేట్, హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేస్తే మళ్లీ ఫెర్రిక్ అవుతుంది. ఎప్పుడు వేయాలో ఓఆర్‌పీ మీటర్ (ద్రావణం ఆక్సీకరణ బలాన్ని కొలిచేది) చెబుతుంది. స్టెయిన్‌లెస్ నుంచి వచ్చే నికెల్, క్రోమియం మాత్రం పేరుకుపోతాయి, కొంత ద్రావణం తీసి శుద్ధికి పంపక తప్పదు. యాసిడ్ తగ్గితే గోధుమరంగు మడ్డి తేలి నాజిళ్లు మూసుకుపోతాయి. షీటు పొడవునా ఒకే వరుసలో రంధ్రాలు చిన్నవిగా వస్తుంటే ఫోటోటూల్‌ను అనుమానించకుండా ముందు ఆ నాజిల్ విప్పి చూడండి.