జెల్‌లో బ్యాండ్ ఉంది, ఎంజైమ్ ఏది?

మానవ ఎంజైమ్‌ను బ్యాక్టీరియా చేత తయారు చేయించడం పెద్ద కష్టం కాదు. సరిగ్గా మడత పడేలా చేయించడమే కష్టం. ప్రోటీన్లను సైజు వారీగా విడదీసే జెల్‌లో సరైన సైజు దగ్గర లావుపాటి బ్యాండ్ కనిపిస్తుంది, అస్సే (ఎంజైమ్ పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష) పెడితే యాక్టివిటీ సున్నా. ఈ తంటా నిన్నమొన్నటిది కాదు.

1973లో కోహెన్, బోయర్ బృందాలు ప్లాస్మిడ్‌లో (చిన్న డీఎన్‌ఏ వలయం) పరాయి డీఎన్‌ఏను అతికించి ఇ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించాయి. 1977లో ఇటాకురా, బోయర్ తదితరులు 14 అమైనో ఆమ్లాల సొమాటోస్టాటిన్ హార్మోన్‌ను చేయించబోతే మొదట దాని జాడే దొరకలేదు. బ్యాక్టీరియా ప్రోటియేజ్‌లు (ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌లు) నమిలేస్తున్నాయని అనుమానించి, దాన్ని బీటా-గెలాక్టోసిడేజ్ అనే పెద్ద బ్యాక్టీరియా ప్రోటీన్‌ను దాదాపు పూర్తిగా ఉంచి దాని చివర తగిలించారు. ఆ తర్వాత సయనోజెన్ బ్రోమైడ్ అనే రసాయనంతో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం దగ్గర కోస్తే చేతికొచ్చింది. మరుసటి ఏడాది ఇన్సులిన్ గొలుసులు వచ్చాయి. కానీ ఇవి చిన్న హార్మోన్లు. ఎంజైమ్‌కు ఆకారమే ప్రాణం.

ఇప్పుడు ల్యాబుల్లో వాడే పద్ధతికి 1986లో స్టడియర్, మోఫాట్ పునాది వేశారు. అందులో టీ7 ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) తాలూకు పాలిమరేజ్ అనే ఎంజైమ్ మన జన్యువును చదువుతుంది. బీఎల్‌21 డీఈ3 అనే ఇ.కోలై రకం కణాల్లో లాన్, ఓఎంపీటీ అనే రెండు ప్రోటియేజ్‌లు ఉండవు కాబట్టి ప్రోటీన్ కొంత భద్రం. చిక్కల్లా ఆ పాలిమరేజ్ వేగమే. 37 డిగ్రీల్లో, ఓడీ (కణాల సాంద్రత కొలత) 0.6 దగ్గర, జన్యువును ఆన్ చేసే ఐపీటీజీని 1 మిల్లీమోలార్ వేస్తే ప్రోటీన్ గొలుసులు కుప్పలుగా పుడతాయి. మడత పడేలోపే నీటికి గిట్టని భాగాలు ఒకదాన్నొకటి అంటుకుని ఇన్‌క్లూజన్ బాడీలనే కరగని ముద్దలవుతాయి. కణాలను సోనికేట్ చేసి (ధ్వని తరంగాలతో పగలగొట్టి) సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే సరుకంతా అడుగున చేరే పెల్లెట్‌లోనే. అందుకే 16–18 డిగ్రీలకు దించి, ఐపీటీజీ 0.1–0.2కు తగ్గించి రాత్రంతా వదిలేస్తారు. పెల్లెట్‌ను 8 మోలార్ యూరియాలో కరిగించి మళ్లీ మడత పెట్టించవచ్చు. చిన్నవాటితో కుదురుతుంది, పెద్ద ఎంజైమ్‌లతో ఎక్కువగా భంగపాటే.

1980ల చివర్లో వచ్చిన హిస్ ట్యాగ్ (ప్రోటీన్ కొసకు తగిలించే హిస్టిడిన్ల వరుస, నికెల్ కాలమ్‌కు పట్టుకుంటుంది) శుద్ధిని తేలిక చేసింది. ఆ పట్టును విడిపించే ఇమిడజోల్ 20 మిల్లీమోలార్‌తో కడగడం, 250తో దించుకోవడం. బఫర్‌లో లోహాలను పట్టేసే ఈడీటీఏ ఉంటే మాత్రం నికెల్ ఊడిపోతుంది. హిస్టిడిన్లు దండిగా ఉన్న ఎస్‌ఎల్‌వైడీ అనే బ్యాక్టీరియా ప్రోటీన్ కూడా కాలమ్‌కు పట్టుకుని, జెల్‌లో 25 కిలోడాల్టన్ల దగ్గర కనిపించి మోసం చేస్తుంది.

మొండిఘటాలంటే కాలేయంలోని పీ450 అనే ఎంజైమ్‌లే. ఇవి ముందు కొసతో కణంలోని పొరలో గుచ్చుకుని ఉంటాయి. 1991లో బార్న్స్, వాటర్‌మన్ బృందం ఎద్దు పీ450 జన్యువు ఆరంభపు కోడాన్లను (మూడక్షరాల సంకేతాలు) మార్చి ఇ.కోలైలో దండిగా రాబట్టింది. తర్వాత మానవ రకాలకూ అదే కిటుకు పనికొచ్చింది. ఎంజైమ్‌కు హీమ్ (ఇనుమున్న అణువు) కావాలి, బ్యాక్టీరియా దాన్ని సరిపడా చేయలేదు. అందుకే మీడియాలో హీమ్‌కు ముడిసరుకైన డెల్టా-అమైనోలెవులినిక్ ఆమ్లం 0.5 మిల్లీమోలార్ కలిపి, 28–30 డిగ్రీల్లో పెంచుతారు. ఇంతా చేసి ఎలక్ట్రాన్లు అందించే రిడక్టేజ్ అనే జోడీ ఎంజైమ్‌ను ఇవ్వకపోతే చాలా పీ450లకు ఎలక్ట్రాన్లు సరిగా అందవు, చర్య సరిగా జరగదు. ఇ.కోలైకి సొంతంగా అది లేదు.

డైథయోనైట్ (ఎలక్ట్రాన్లిచ్చే రసాయనం) వేసి, కార్బన్ మోనాక్సైడ్ బుడగలు పంపి స్పెక్ట్రమ్ (ఏ తరంగదైర్ఘ్యపు కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గీత) తీస్తే నిజం బయటపడుతుంది. శిఖరం 450 నానోమీటర్ల దగ్గర వస్తే మంచిదే, 420కి జరిగితే ఆ ఎంజైమ్ చచ్చినట్టే. జెల్ ఈ తేడా చెప్పదు. అందుకే పీ450 పరిమాణాన్ని మిల్లీగ్రాముల్లో కాకుండా, ఆ శిఖరం ఎత్తును బట్టి నానోమోల్‌లలో రాస్తారు.