కొడవలి కణం, చలిజ్వరం

చిరంజీవులు రవళికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. రవళీ, మీ హాస్టల్లో నీ స్నేహితురాలికి రక్తపరీక్ష చేసి సికిల్ సెల్ (కొడవలి కణం) వాహకురాలని కార్డు ఇచ్చారనీ, అప్పటి నుంచి కొందరు పిల్లలు ఆమె పక్కన కంచం పెట్టుకోవడం లేదనీ రాశావు. అంటుకుంటుందా అని అడిగావు. అంటుకోదు. ఒకరి జుట్టు రింగులు తిరిగి ఉంటే పక్కవాళ్లకు అంటుకుంటుందా? ఇదీ అమ్మానాన్నల నుంచి వచ్చేదే.

మిగతాది కాస్త పెద్ద కథ. ముప్పై ఏళ్లు మన్యంలో మలేరియా స్లైడ్లు చూసిన కళ్లు నావి, కనుక కొంచెం ఓపిక పట్టాలి.

మన ఎర్రకణం చిల్లు పూర్తిగా పడని గారెలా ఉంటుంది. దాని నిండా ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్. అందులో అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చినట్టుండే ఒక గొలుసున ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. కొందరిలో అక్కడ వాలీన్ అనే ఇంకో పూస వచ్చి కూర్చుంటుంది. తేడా అంతే. కానీ ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ కడ్డీలు కట్టి, కణం కొడవలిలా వంగిపోతుంది. అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా ఆ మార్పు వస్తే జబ్బు. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే వచ్చే నొప్పులు నేను చూశాను, పగవాడికి కూడా వద్దు. 120 రోజులు బతకాల్సిన కణం పది, ఇరవై రోజులకే రాలిపోతుంది. ఒక్కరి నుంచే వస్తే వాహకులు. వాళ్లు సాధారణంగా మనలాగే తిరుగుతారు.

ఇంత బాధ పెట్టే మార్పు తరాల కిందటే ఎందుకు తుడిచిపెట్టుకుపోలేదు? ఈ ప్రశ్న పరిశోధకుడు ఆంథొనీ అల్లిసన్‌ను పట్టుకుంది. ఆయన కెన్యాలో పెరిగినవాడు. 1949లో అక్కడ రకరకాల తెగలవారి రక్తం పరీక్షిస్తే, సముద్రతీరంలోనూ విక్టోరియా సరస్సు చుట్టుపక్కలా వాహకులు నూటికి ఇరవై మందికి పైగా కనిపించారు. చల్లని ఎత్తు ప్రాంతాల్లో నూటికి ఒక్కరు కూడా లేరు. దోమలు ఎక్కడ ఎక్కువో కొడవలి కణమూ అక్కడే ఎక్కువ. వాహకులకు మలేరియా నుంచి కాపుదల ఉందని 1954లో ప్రకటించాడు.

మలేరియా పరాన్నజీవి వాహకుల కణంలోకి దూరగానే ఆ కణం వంగడం మొదలుపెడుతుంది. రక్తాన్ని వడకట్టే ప్లీహం దాన్ని గుర్తుపట్టి లోపలి దొంగతో సహా ఏరిపారేస్తుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం తెలివితక్కువ అంటాం కానీ, ఇక్కడ ఆ పనే పసిపిల్లల ప్రాణం నిలిపింది. ప్రాణం మీదికి తెచ్చే మలేరియా ముప్పు వాహకుల్లో నూటికి దాదాపు 90 వంతులు తక్కువ. (జ్వరమే రాదని కాదు. దోమతెర ఆమెకూ కావాలి.)

ఇప్పుడు అదే మార్పును మలేరియా లేని చోటుకు తీసుకుపోండి. బానిసలుగా అమెరికాకు తరలించిన ఆఫ్రికా వారి సంతతిలో నేటికీ పదమూడు మందిలో ఒకరు వాహకులు. అక్కడ మలేరియా పోయింది. కాపలాకు పనిలేదు, జబ్బు బరువు మాత్రం మిగిలింది. అందుకే మంచి జన్యువు, చెడ్డ జన్యువు అనే మాటలు నాకు గిట్టవు. ఏ ఊళ్లో, ఏ దోమల మధ్య అని ముందు అడగాలి. ఆఫ్రికాలో అడవులు నరికి సాగు చేసినప్పుడు ఎండ పడే నీటిగుంటలు పెరిగి, దోమలకు అవే పురుళ్ల గదులయ్యాయి. అంటే ఈ జన్యువును పెంచి పోషించడంలో గొడ్డలికీ పాలు ఉంది!

మన దేశంలో ఈ కణాన్ని మొదట 1952లో నీలగిరుల్లోని గిరిజనుల్లో గుర్తించారు. మన దేశంలో ఈ జబ్బున్నవారిలో చాలామందికి ఇంకో అండ కూడా ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా కొంత ఎక్కువగానే మిగిలి ఉంటుంది. అది ఉన్న మేరకు కణం తొందరగా వంగదు.

1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మనిషి రక్తం కూడా దానితో ఎప్పటి నుంచో పోరాడుతోందని తెలియడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది.

ఆ కార్డు పారేయవద్దని నీ స్నేహితురాలికి చెప్పు. వాహకులైన ఇద్దరు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. జాతకాలకంటే ముందు రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. 2023లో గిరిజనులు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో పెద్ద ఎత్తున పరీక్షలు మొదలుపెట్టిందీ ఇందుకే.

రేపు భోజనాల దగ్గర ఆమె పక్కన నువ్వు కంచం పెట్టుకో. ఎవరైనా అడిగితే గారె సంగతి చెప్పు.

మీ తాతయ్య