సర్వే డేటాతో కాస్మాలజీ పోస్ట్‌డాక్: అపోహలు - వాస్తవాలు

అపోహ: రాత్రుళ్లు టెలిస్కోప్ దగ్గర జాగారం చేయాలి.

వాస్తవం: జాగారం తప్పదు గానీ, అది కంప్యూటర్ ముందు. అరిజోనాలో కిట్ పీక్ కొండ మీద 4 మీటర్ల మేయాల్ టెలిస్కోప్‌కు అమర్చిన డెసీ (డార్క్ ఎనర్జీ స్పెక్ట్రోస్కోపిక్ ఇన్‌స్ట్రుమెంట్) పరికరంలో 5,000 ఫైబర్లను చిన్న రోబోలే గెలాక్సీల మీదికి గురిపెడతాయి. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత పరిశోధన ఉద్యోగం చేసేవాళ్ల చేతికి వచ్చేది కేటలాగు: వరుసకో గెలాక్సీ, దాని స్థానం, వెలుగు, రెడ్‌షిఫ్ట్ (విశ్వం విస్తరించడం వల్ల వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో; దీంతో దూరం తెలుస్తుంది).

అపోహ: కేటలాగు చేతికొస్తే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలు. పాలపుంత ధూళి మందంగా ఉన్న వైపు మసక గెలాక్సీలు తప్పిపోతాయి. వెన్నెల, ఆ రాత్రి గాలి నిలకడ, అడ్డొచ్చే నక్షత్రాల రద్దీ కూడా లెక్కను మారుస్తాయి. దిద్దకపోతే ఆకాశంలో లేని గుంపులూ ఖాళీలూ పుట్టుకొస్తాయి. అందుకే ఆకాశాన్ని హీల్‌పిక్స్ అనే పద్ధతిలో సమాన వైశాల్యమున్న గళ్లుగా విడగొడతారు. గళ్లు ఎంత చిన్నవో చెప్పే ఎన్‌సైడ్ అనే సంఖ్య 256 అయితే గడి వెడల్పు దాదాపు 14 ఆర్క్‌మినిట్లు. గడిలోని గెలాక్సీల సంఖ్యను ధూళి, సీయింగ్ (గాలి నిలకడ), నక్షత్రాల పటాలతో పోల్చి, ఒక్కో గెలాక్సీకి ఒక వెయిట్ ఇస్తారు. పటాలు మరీ ఎక్కువ వాడితే ఇంకో చిక్కు: పెద్ద దూరాల మీది నిజమైన సిగ్నల్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఎంత పోయిందో మాక్ కేటలాగుల (కంప్యూటర్లో తయారుచేసిన నకిలీ విశ్వాల) మీద పరీక్షిస్తే గానీ తెలియదు.

కొత్తవాళ్లు తరచూ జారేది ఒక్కచోట. ప్రకాశవంతమైన నక్షత్రాల చుట్టూ డేటాను మాస్క్ చేస్తారు (ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేస్తారు), పోలికకు వాడే, యాదృచ్ఛికంగా చల్లిన బిందువుల ర్యాండమ్ కేటలాగుకు అదే మాస్క్ వేయడం మరిచిపోతారు. దాంతో నక్షత్రానికో దొంగ శూన్యం తయారవుతుంది. కోరిలేషన్ ఫంక్షన్ (ఏ దూరంలో గెలాక్సీలు ఎంతగా గుంపులు కట్టాయో చెప్పే కొలత) వింతగా కనిపిస్తే ముందు మాస్క్‌ను అనుమానించండి. విశ్వం సంగతి తర్వాత.

అపోహ: లెన్సింగ్ (దారిలోని పదార్థం గురుత్వం వెలుగును వంచడం) అంటే ఫొటోల్లో కనిపించే వెలుగు చాపాలే.

వాస్తవం: సర్వేలు ఎక్కువగా వాడేది కంటికి కనిపించని వీక్ లెన్సింగ్. గెలాక్సీ ఆకారంలో అది తెచ్చే మార్పు 1 శాతం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. గెలాక్సీల సొంత ఆకారాల్లో తేడాయేమో 0.3 దాకా ఉంటుంది. 900 గెలాక్సీల సగటు తీస్తే గానీ ఆ రొద 1 శాతానికి దిగదు. పైగా వాతావరణం, అద్దాలు చేసే మసకను నక్షత్రాలతో కొలిచి తీసేయాలి. అక్కడా జాగ్రత్త: సీసీడీల్లో (కెమెరా సెన్సర్లలో) ప్రకాశవంతమైన నక్షత్రాలు కాస్త లావుగా నమోదవుతాయి, కాబట్టి వాటిని ఆ కొలతలోంచి పక్కన పెడతారు.

అపోహ: రెండు సర్వేల సంఖ్యలు కలవకపోతే కొత్త భౌతికశాస్త్రం దొరికినట్టే.

వాస్తవం: తొందరపడకూడదు. విశ్వంలో పదార్థం ఎంతగా గుంపులు కట్టిందో చెప్పే ఎస్8 విలువ, వీక్ లెన్సింగ్ కొలిచే కిడ్స్ సర్వే పాత ఫలితాల్లో 0.76 దగ్గర వచ్చింది. బిగ్ బ్యాంగ్ మిగిల్చిన మైక్రోవేవ్ వెలుగును కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్కలో అది 0.83. ఈ తేడా మీద చాలా పేపర్లు వచ్చాయి. 2025లో కిడ్స్ పూర్తి డేటా 0.815 ఇచ్చింది. పరిశీలించిన ఆకాశం పెరిగింది, రెడ్‌షిఫ్ట్ కాలిబ్రేషన్ మెరుగుపడింది, తేడా దాదాపు పోయింది. విశ్వం విస్తరించే వేగాన్ని చెప్పే హబుల్ స్థిరాంకం గొడవ, అంటే 73కీ 67కీ మధ్యది, ఇంత తేలిగ్గా తెగలేదు.

అపోహ: ఎంసీఎంసీ (యాదృచ్ఛిక నమూనాలతో విలువలు అంచనా వేసే పద్ధతి) నడిపితే ఎర్రర్ బార్ దానంతటదే వస్తుంది.

వాస్తవం: డేటా బిందువుల పొరపాట్లు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చెప్పే కోవేరియన్స్ మాత్రిక తప్పయితే ఎర్రర్ బార్ కూడా తప్పే. ఆ మాత్రికను మాక్‌ల నుంచే లెక్కించారు, డేటా బిందువులు 100, మాక్‌లు 200 అనుకోండి. మాక్‌లు తక్కువైనందుకు మాత్రిక విలోమాన్ని సరిదిద్దే హార్ట్‌లాప్ గుణకం 98/199, అంటే 0.49. అది వేయడం మరిస్తే ఎర్రర్ బార్ 30 శాతం చిన్నదిగా కనిపిస్తుంది. మాక్‌లు 1,000 అయితే గుణకం 0.90.

అపోహ: అనుకున్న జవాబు వస్తే విశ్లేషణ సరైనట్టు.

వాస్తవం: అక్కడే మోసపోతాం, నచ్చిన సంఖ్య రాగానే తప్పులు వెతకడం మానేస్తాం. అందుకే డెసీ విశ్లేషణలో రెడ్‌షిఫ్ట్‌లను రహస్యంగా జరిపిన కేటలాగుతోనే పరీక్షలన్నీ ముగిస్తారు. తెర తీశాక ఏదైనా మారిస్తే పేపర్లో చెప్పి తీరాలి.

అపోహ: థీసిస్ ఇచ్చాక ఉద్యోగం వెతుక్కోవచ్చు.

వాస్తవం: అమెరికా, యూరప్ పోస్ట్‌డాక్‌లకు గడువులు ఎక్కువగా అక్టోబర్-డిసెంబర్‌లో ముగుస్తాయి, చేరేది మరుసటి శరత్కాలంలో. ఏప్రిల్‌లో వెతికితే మిగిలేవి తక్కువ. ప్రకటనలకు అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ జాబ్ రిజిస్టర్ చూడండి. కొలాబొరేషన్‌లో సభ్యత్వం లేకపోయినా చూపించుకోవడానికి పని ఉంటుంది: డెసీ మొదటి ప్రధాన డేటా విడుదల 2025 మార్చి నుంచి అందరికీ ఉచితం.