చిట్టి ఊపిరి లెక్క

అక్షయకు, వరుణ్‌కు,

మొన్న మన కుక్క చిట్టి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రాత్రి మీరిద్దరూ ఒకేసారి ఫోన్లో "తాతా, చిట్టి పొట్ట కదలట్లేదు" అని ఏడ్చేసరికి నాకూ టెన్షన్ వచ్చింది, అందుకే సగం చెప్పి ఫోన్ మీ అమ్మకు ఇమ్మన్నాను. మిగతా సగం ఇదిగో. నేను డాక్టర్ను కాను, ముప్పై ఏండ్లు పశువుల దవాఖానలో డాక్టర్ పక్కన నిలబడి కుక్కల కాళ్లు పట్టుకున్నవాణ్ని. ఆపరేషన్ జరుగుతుంటే కుక్క ఊపిరి చూస్తూ కూర్చునే పని చాలాసార్లు నాకే పడేది.

చిట్టి నిద్రపోయిందని డాక్టరమ్మ మీకు చెప్పింది కదా. పిల్లలు భయపడకుండా చెప్పే మాట అది, తప్పేం లేదు, కానీ ఆపరేషన్‌కు ఇచ్చే మత్తు వేరు, నిద్ర వేరు. నిద్రలో ఉన్న కుక్కను పిలిస్తే చెవి కదులుతుంది, కలలో కాళ్లు ఆడిస్తుంది, ముక్కుకు దుమ్ము తగిలితే తుమ్ముతుంది. మత్తులో ఇవేవీ ఉండవు. ఊపిరి తీయాలన్న తొందర కూడా మందగిస్తుంది, అసలు సంగతి అక్కడే ఉంది.

ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు మన బావిలో మునిగి ఎవరు ఎక్కువసేపు ఉంటారో అని పందెం కాస్తారు కదా (మీ అమ్మమ్మకు ఇది తెలియదు, ఈ ఉత్తరం ఆమెకు చూపించకండి). కొంతసేపటికి ఛాతీ లోపల్నుంచి ఎవరో తన్నినట్టయి పైకి వచ్చేస్తారు. ఆక్సిజన్ అయిపోయి అలా అవుతుందనుకుంటారు చాలామంది. కాదు, బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో పేరుకుంటుంది, మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట, దాన్ని కనిపెట్టే కాపలా ఒకటి ఉంది. అది కొంచెం పెరగగానే "తీయి, ఊపిరి తీయి" అని కండరాలను అదిలిస్తుంది. మనకైనా కుక్కకైనా అంతే. మత్తు మందు ఆ కాపలాదారునే మగతలోకి నెడుతుంది. కార్బన్ డయాక్సైడ్ మామూలుకన్నా బాగా పెరిగితే తప్ప అతనికి మెలకువ రాదు, మందు ఎక్కువైతే అప్పుడూ రాదు. అందుకే మామూలుగా నిమిషానికి పదిహేనో ఇరవయ్యో ఊపిర్లు తీసే కుక్క మత్తులో ఎనిమిదికో పదికో దిగుతుంది, ఒక్కో ఊపిరీ చిన్నదవుతుంది. పక్కటెముకల మధ్య కండరాలు వదులైపోతాయి కాబట్టి ఛాతీ పెద్దగా లేవదు, పొట్టే కొద్దికొద్దిగా కదులుతుంది. చిట్టిది పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టి ఉంటారు, అప్పుడు పొట్టలోని పేగులన్నీ ముందుకు జరిగి ఊపిరితిత్తులను నొక్కుతాయి. ముందురోజు రాత్రి నుంచి అన్నం పెట్టొద్దనడానికి ఇది ఒక కారణం, వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందన్నది అంతకన్నా పెద్ద కారణం. వరుణ్, పొద్దున నువ్వు దొంగతనంగా బిస్కెట్ పెట్టిన సంగతి డాక్టరమ్మకు చెప్పేశావట, చెప్పి మంచి పని చేశావు, అందుకే ఆపరేషన్ మర్నాటికి మార్చారు.

మీరు చూసిన పాలలాంటి తెల్లమందు ప్రొపోఫాల్ అనే మత్తు మందు. సోయా నూనెలో కలిపి చేస్తారు కాబట్టి ఆ రంగు. ముంగాలి నరానికి దాన్ని నింపాదిగా, ఒక నిమిషం పట్టేలా ఎక్కించాలి. గబుక్కున తోస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ఆగినా భయపడరు, వెంటనే గొంతులో గొట్టం దించి దానికి అమర్చిన రబ్బరు సంచిని చేత్తో నొక్కుతారు, కొలిమి దగ్గర తిత్తి నొక్కినట్టు. కుక్క తనంతట తాను ఊపిరి తీస్తుంటే ఆ సంచి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. మిషన్లన్నీ ఒకెత్తు, ఆ సంచి ఒకెత్తు అంటాను నేను.

మేం కొత్తగా చేరినప్పుడు ఆ సంచీ లేదు, మిషనూ లేదు. ఒకరోజు అడవిపంది పొడిచి తొడ చీలిన కుక్కను గొర్రెలకాపరి ఒకాయన గొంగడిలో చుట్టి భుజాన వేసుకుని తెచ్చాడు. అప్పట్లో మత్తుకు థయోపెంటోన్ అని పసుపుపచ్చ పొడి ఉండేది, నీళ్లలో కలిపి నరానికి ఇచ్చేవారు. డాక్టర్ కుట్లు వేస్తున్నాడు, కుక్క ముక్కు ముందు దూదిపోగు ఒకటి అంటించి "అది కదలడం ఆగితే చెప్పు" అన్నాడు నాతో. ఊపిరి వదిలినప్పుడల్లా దూది వణికేది. నేను టీ తెచ్చిన పిల్లవాడితో చిల్లర దగ్గర గొడవపడుతూ గుమ్మం దాకా వెళ్లాను. తిరిగొచ్చేసరికి దూది నిలబడిపోయి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. చిగుళ్లు బూడిదరంగుకు తిరుగుతున్నాయి. నా నోట మాట రాలేదు, చేయి మాత్రం చూపించాను. డాక్టర్ సూది వదిలేసి, కుక్క మెడ చాపి, నాలుక బయటికి లాగి, గొట్టం దించి నోటితో ఊదాడు. ఊదడం, ఆగడం, ఊదడం. కాపరి గడప దగ్గర కూర్చుని లోపల ఏం జరుగుతోందో తెలియక గొంగడికి అంటిన రక్తం గోరుతో గీకుతున్నాడు. చివరికి ఎక్కిళ్లలాగా ఒక ఊపిరి వచ్చింది, తర్వాత ఇంకొకటి. డాక్టర్ నన్ను ఒక్క మాటా అనలేదు. నా చేతిలో ఇంకా ఉన్న టీ గ్లాసు తీసి కిటికీలో పెట్టాడు. ఆ తర్వాత ఆపరేషన్ గదిలోకి నేను టీ గ్లాసుతో పోలేదు.

మత్తులో ఊపిరే చూడాలన్న మాటకు మన హైదరాబాద్‌లో పెద్ద కథ ఉంది. మీరుండే పాలమూరుకు మహబూబ్‌నగర్ అని ఎవరి పేరు పెట్టారు? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు. ఆయన కాలంలో హైదరాబాద్‌లో ఎడ్వర్డ్ లారీ అని ఒక ఇంగ్లీషు డాక్టర్ ఉండేవాడు (లారీ పేరే, బండి కాదు). అప్పటి మత్తు మందు క్లోరోఫామ్ ఇస్తే మనుషులు ఒక్కోసారి చనిపోతుండేవారు. ముందు ఆగేది గుండెనా, ఊపిరా అని డాక్టర్ల మధ్య పెద్ద తగాదా. లారీ 1888లో కుక్కల మీద ప్రయోగాలు చేసి, ముందు ఊపిరే ఆగుతుంది, నాడి కాదు ఊపిరి చూడండి అన్నాడు. లండన్‌లోని లాన్సెట్ అనే డాక్టర్ల పత్రిక నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండని నిజాం సర్కారు వెయ్యి పౌండ్లు ఇచ్చింది, 1889లో లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ వచ్చి వందల జంతువుల మీద మళ్లీ చేసి చూసి లారీ మాటే చెప్పాడు. అది సగమే నిజమని తర్వాత తేలింది. మత్తు పల్చగా ఉన్నప్పుడు క్లోరోఫామ్ గుండెనే ఉన్నట్టుండి ఆపేయగలదని 1911లో లెవీ అనే ఆయన పిల్లుల మీద చూపించాడు. ఇప్పుడు క్లోరోఫామ్ ఇవ్వరు, ఊపిరినీ గుండెనూ రెంటినీ చూస్తారు. అన్ని కుక్కలను చంపి తెలుసుకున్నారా అని అక్షయ అడుగుతుంది, నాకు తెలుసు. అవును బిడ్డా. నాకూ అది చదివినప్పుడల్లా మనసు పాడవుతుంది.

చిట్టి నాలుకకు పెట్టిన క్లిప్పు ఆక్సిజన్ చూపిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. మత్తులో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తారు కాబట్టి, కుక్క సరిగ్గా ఊపిరి తీయకపోయినా అంకె చాలాసేపు 98 దగ్గరే నిలబడుతుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ మాత్రం పెరుగుతుంటుంది. దాన్ని కొలిచే మిషన్ వేరే ఉంది, అందులో అంకె 35 నుంచి 45 మధ్య ఉంటే మామూలు, 60 దాటితే సంచి నొక్కాల్సిందే.

మీ పక్కింటివాళ్ల చప్పిడి ముక్కు పగ్ కుక్క సంగతి అడిగారు. దాని ముక్కు రంధ్రాలు సన్నం, అంగిలి వెనక మెత్తటి కండ పొడుగు, మెలకువగా ఉండగానే గురక పెడుతుంది. మత్తు మొదలైనప్పటికన్నా అది దిగేటప్పుడు వాటితో భయం. గొట్టాన్ని కుక్క తనే నమిలి కక్కేలా అయ్యేదాకా తీయరు.

బ్రిటన్‌లో 2002 నుంచి 2004 దాకా మత్తు ఇచ్చిన సుమారు 98 వేల కుక్కలను లెక్కపెడితే, ఆరోగ్యంగా ఉన్నవాటిలో మత్తు వల్ల పోయినవి పదివేలకు ఐదు. జబ్బుతో ఉన్నవాటిలో వందకు ఒకటి దాటింది. ఆపరేషన్ అయ్యాక పోయినవాటిలో దాదాపు సగం మొదటి మూడు గంటల్లోనే పోయాయి, గొట్టం తీసేసి, అందరూ హమ్మయ్య అనుకుని పక్కకు పోయే సమయం అది. చిట్టిని సాయంత్రం దాకా అక్కడే ఉంచుకున్నారని మీ నాన్న విసుక్కున్నాడట. నేనైతే ఆ డాక్టరమ్మకు దండం పెడతాను.

ఇక రాత్రి మీరు చూసింది. మత్తు దిగినా కాస్త మగత మిగులుతుంది, నొప్పి మందు దానికి తోడవుతుంది, ఒంట్లో వేడి కూడా తగ్గి ఉంటుంది, అందుకే ఊపిరి అంత నెమ్మది. దుప్పటి కప్పమన్నది అందుకే. కొన్ని కుక్కలు దీనికి ఉల్టా, రాత్రంతా రొప్పుతాయి, కూనిరాగం తీస్తాయి. ఈ రాత్రి అది నిద్రపోయాక అక్షయ ఫోన్లో పదిహేను సెకన్లు చూడాలి, వరుణ్ పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయాలి. ఐదుసార్లు లేస్తే ఇరవై అన్నమాట. ముప్పై లోపు ఉండి, పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు ఎప్పటిలా గులాబీరంగులో ఉంటే మీరూ పడుకోండి. చిగుళ్లు తెల్లగానో నీలంగానో కనిపిస్తే నాకు ఫోన్ చేస్తూ కూర్చోకండి, ముందు నాన్నను లేపి దవాఖానకు పదండి.

కుట్లు విప్పే రోజు కల్వకుర్తి నుంచి పొద్దున బస్సుకు వస్తాను. జొన్నరొట్టెలు తెస్తున్నాను, చిట్టికి కూడా ఒకటి.

మీ తాత