"లైట్లు మార్చినా బిల్లు తగ్గనేదేటి బాబూ?"

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ బజార్లలో షాపుల లైటింగ్ లెక్కలు కడుతుంటాను. ఎల్‌ఈడీలు పెట్టించిన మరుసటి నెల ఎవరో ఒకరు దారిలో ఆపి అడిగే ప్రశ్నే పైన పెట్టాను.

అపోహ: 36 వాట్ల ట్యూబు తీసి 20 వాట్లది పెడితే మిగిలేది 16 వాట్లే.

వాస్తవం: పాత ఇనప చోక్ కూడా కరెంటు తింటుంది. దాంతో కలిపి ట్యూబు సుమారు 50 వాట్లు లాగుతుంది, కాబట్టి మిగిలేది 30. ఎనిమిది ట్యూబులు, రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులు వేసుకుంటే 62 యూనిట్లు. ఎలక్ట్రానిక్ చోక్ అయితే ఇంత మిగలదు. ముందు ఫిట్టింగ్ మూత తీసి చూడండి.

అపోహ: క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి ఎన్ని ఆంపియర్లో చూసేది) పెట్టి చూశాం, లెక్క పక్కా.

వాస్తవం: ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే. కెపాసిటర్ లేని చోక్ ట్యూబు దగ్గర అది 0.43 ఆంపియర్లు చూపిస్తుంది. సప్లై 230 వోల్టులతో గుణిస్తే 99. వాటిని వాట్లనుకుంటే పై షాపుకే మిగులు 164 యూనిట్లని తేలుతుంది! నిజానికి అవి వోల్ట్ ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ (వోల్ట్ ఆంపియర్లలో అసలు వాట్ల వంతు) 0.5 దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి అసలు వాట్లు అందులో సగమే. చిన్న షాపు మీటరు లెక్కేసేదీ ఆ సగాన్నే. మొదట్లో నేనూ ఇలాగే కాగితం రాసిచ్చి, తర్వాత షావుకారు గారి ముందు నీళ్లు నమిలాను. వాట్‌మీటరు అరువు తెచ్చయినా కొలవండి.

అపోహ: పాత బిల్లు, కొత్త బిల్లు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

వాస్తవం: బిల్లులో ఫ్యాన్లూ ఫ్రిజ్జూ ఉంటాయి, మే నెలకీ డిసెంబరుకీ పొంతన కుదరదు. లోడు మీద వేసే ఫిక్స్‌డ్ చార్జీ లైట్లు మార్చినంత మాత్రాన తగ్గదు. ఇంకోటి, పాతవాటిలో వెలిగేవెన్నో ఎవరూ లెక్కపెట్టరు. ఎనిమిదిలో రెండు ఎప్పుడో మాడిపోయి ఉంటే, ఇప్పుడు ఎనిమిదీ వెలుగుతాయి. అప్పుడు మిగులు 62 కాదు, 36 యూనిట్లే. షాపులో వెలుతురు పెరిగింది కదా అంటే, అది వేరే సంగతి.

అపోహ: వాట్లు ఎంత తగ్గితే అంత లాభం.

వాస్తవం: డబ్బా మీద ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుతురు కొలత) చూడండి. బట్టల షాపుకైతే సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత అసలుగా చూపిస్తుందో చెప్పే, 100కి వేసే అంకె) కూడా. బరంపురంలో పట్టు చీర కొనేవాళ్లు రంగు మీద అనుమానం వస్తే గుమ్మం బయటికి పట్టుకెళ్లి ఎండలో చూస్తారు. అలాంటి షాపుకి రెండు వాట్లు ఎక్కువైనా సీఆర్‌ఐ 90 ఉన్నదే పెట్టమంటాను.